పల్లవి వచ్చే చోటు

మోటార్లకు తీగ చుట్టీ చుట్టీ ఆయనకు కాయిల్ బాబాయ్ అన్న పేరు స్థిరపడిపోయింది. కాలిపోయిన మోటారును చేత్తో తడిమి జబ్బు చెప్పేవాడు. ఇంట్లో భార్య చెవులకు మాత్రం ఏమీ చేయలేకపోయాడు. మగ్గాల మిల్లులో పనిచేసినన్నాళ్లూ ఆ మోత ఆమె వినికిడిని కొంచెం కొంచెంగా తినేసింది. మిల్లు మూతపడేనాటికి పక్కనున్న మనిషి మాట కూడా అందడం మానేసింది.

ఒకనాడు బావమరిది సబ్‌వూఫర్ మోసుకొచ్చాడు, దరువుకు నేల అదిరేలా మోగే స్పీకరు పెట్టె.

"అక్క చెవికి అందకపోతే చేతికి అందుతుంది బావా. పక్కింటివాళ్లకి మాత్రం ఉచితం."

పాత రికార్డు ప్లేయరు పక్కనే నేలమీద ఆ పెట్టెను పెట్టారు. పెళ్లయిన కొత్తలో కొన్న పాట వేశారు. ఆమె పెట్టెకు అరచెయ్యి ఆనించి కూర్చుంది. కాసేపటికి ముఖం విప్పారింది.

"పల్లవి వచ్చిందండీ."

రోజూ అదే మాట. ఆ మాట కోసం ఆయన పని ముగించుకుని పెందలాడే ఇల్లు చేరేవాడు. పాటలో మాత్రం దయ్యం దూరింది. పెట్టె అదిరితే నేల అదిరేది, నేలతో ప్లేయరు, దానితో ముల్లు. ముల్లు ఆ అదురును కూడా పాటే అనుకుని తిరిగి పెట్టెకు పంపేది. గదంతా ఊళ. ముల్లు ఎగిరెగిరి రికార్డును గీకేది. ఇలాగైతే ఆమెకు ఈ పాట కూడా మిగలదని ఆయనకు బెంగ పట్టుకుంది.

అదురును అణచడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పెట్టెను అవతలి మూలకు జరిపి, కింద రబ్బరు దిమ్మలు వేశాడు. ప్లేయరును గోడకు బిగించిన చెక్కమీదికి ఎక్కించాడు. ఆగివున్న రికార్డు మీద ముల్లు దించి, నేలను కాలితో తన్ని చూశాడు. పెట్టెలో ఉలుకూ పలుకూ లేదు.

పాట పెట్టాడు. ప్రతి మాటా కడిగినట్టు వినిపించింది. పల్లవి వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఆమె అరచెయ్యి పెట్టెమీద అటూ ఇటూ వెతుక్కుంది.

"ఇంకా పెట్టలేదా?"

శబ్దం పెంచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఏదో చీమ పాకినట్టుంది, అంతే. నా చేతులు కూడా పోయాయా ఏంటి?"

పెట్టెను అదిరించేంత దరువు ఆ పాటలో లేనేలేదని ఆయనకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ ఆమె పల్లవి అనుకున్నది ఆ ఊళనే.

చెప్పినా వినబడదు. పెట్టెను పాత చోటికి ఈడ్చి, దిమ్మలు తీసేశాడు. ప్లేయరును దాని పక్కనే నేలమీదికి దించాడు. ఊళ లేచింది. ముల్లు పాటను గీరుకుంటూ పోయింది.

ఆమె ముఖం తేటపడింది. ఆయన వైపు తిరిగింది.

"పల్లవేగా?"

ఆయన తలూపాడు.