మిల్లు స్థలంలో అద్దె ఇల్లు

అద్దెకు ఇల్లు చూడ్డానికి వెళ్తే మా ఆయన అడిగే మొదటి ప్రశ్న నీళ్లెట్లా వస్తాయని. అనంతపురంలో ఎవరైనా ముందు అడిగేది అదే. నేను మాత్రం ఇంట్లోకి అడుగు పెట్టకముందే చుట్టుపక్కల ఏముందో చూసేదాన్ని. మూతబడ్డ మిల్లో, తలుపులు ఊడిన గోడౌనో, ఎవరూ ఉండని పాత క్వార్టర్సో నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే ఆ ఇంటి మీదికి మనసు పోయేది. పెళ్లయ్యాక మేము మారిన మూడు ఇళ్లూ అలా ఎంచుకున్నవే. మా ఆయనకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

పాడుబడ్డ భవనాల్లోకి వెళ్లి చూసి రావడం నాకు డిగ్రీ చదివేటప్పుడు పట్టుకున్న అలవాటు. ఒకసారి వాన తప్పించుకోవడానికి మూసేసిన సినిమా హాల్లోకి దూరాను. కుర్చీలన్నీ ఊడదీసిన ఆ పెద్ద గదిలో ఒక్కదాన్నే నిలబడ్డప్పుడు భయం వేసింది. భయంతో పాటు ఇంకేదో కూడా కలిగింది. దాని కోసమే మళ్లీ మళ్లీ వెళ్లాను. ప్రపంచంలో చాలామందికి ఈ అలవాటు ఉందనీ, దానికి అర్బన్ ఎక్స్‌ప్లోరేషన్ అని పేరు కూడా ఉందనీ ఎన్నో ఏళ్ల తర్వాత నెట్లో చూసి తెలుసుకున్నాను. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే ఆడమనిషి ఆదివారం పొద్దున్నే బూట్లు వేసుకుని, టార్చి పట్టుకుని పాడుగోడల మధ్య తిరుగుతుందంటే ఎవరు ఏమనుకుంటారో తెలుసు గనక బయట ఎవరికీ చెప్పేదాన్ని కాదు. తాళం పగలగొట్టను. లోపలి వస్తువు బయటికి తేను. ఎక్కడికి వెళ్తున్నానో మా ఆయనకు చెప్పి వెళ్తాను. నా నియమాలు అంతే.

రెండేళ్ల కిందట మేమున్న ఇంట్లో బోరు ఎండిపోయింది. ఇంకో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. నాలుగు ఆదివారాలు తిరిగాక బత్తలపల్లె వైపు పోయే రోడ్డులో, ఊరి చివర కొత్తగా వేసిన లేఅవుట్‌లో ఒక ఇల్లు దొరికింది. ఇంటాయన ముస్లిం, మేస్త్రీ పని చేస్తాడు. ఊళ్లో ఎందరి ఇళ్లో కట్టి, యాభై దాటాక తన సొంత ఇల్లు తన చేతులతో కట్టుకున్నాడు. కింద ఆయన, భార్య, ముసలి తల్లి. పైన మూడు గదులు అద్దెకు.

"నీళ్లకు తక్కువ లేదప్పా," అన్నాడు మా ఆయనతో. "లేఅవుట్ ట్యాంకు మా పక్కనే ఉండాది. ఒగ దినం తప్పి ఒగ దినం వదులుతారు."

ఆ మాటతో మా ఆయన ముఖం వెలిగింది. మేస్త్రీ భార్య మాకు టీ ఇచ్చింది. పైన మూడు గదుల్లోనూ ఒక్క మూల వంకర లేదు, తలుపు చెక్కలు నున్నగా ఉన్నాయి. నాకూ ఇల్లు నచ్చింది. చుట్టుపక్కల పాడుబడ్డవేమీ లేకపోయినా సరే అనుకున్నాను. వచ్చే ఆదివారం పాలు పొంగిస్తామని మాట ఇచ్చేశాం.

వెళ్లబోయే ముందు పైన వంటగది కొలత చూసుకుందామని ఒక్కదాన్నే మెట్లెక్కాను. కిటికీ తీశాను. ఒక పక్కగా నీళ్ల ట్యాంకు. నాలుగు కాళ్ల మీద నిలబడిన పాత సిమెంటు ట్యాంకు, కొత్తగా నీలం రంగు వేశారు. దాని పక్కన ఇనుప నిచ్చెన. మధ్యలో మూడు మెట్లు లేవు.

ఆ నిచ్చెన నేను ఎక్కాను. అప్పటికి ఎనిమిదేళ్ల ముందు.

అప్పుడది శెనక్కాయల మిల్లు. వరుసగా వానలు లేక వేరుశెనగ కాయ రావడం తగ్గి, మూతబడింది. కంపెనీ పేరు కూడా గోడ మీద చెరిగిపోయింది. ఒక ఆదివారం పొద్దున లోపలికి వెళ్లాను. షెడ్డు వెనక సర్కారు తుమ్మ దట్టంగా పెరిగి ఉంది. కొమ్మలు పక్కకు తోసుకుంటూ నడుస్తుంటే కాలికి ఒక రాయి తగిలి ముందుకు దొర్లింది. దొర్లిన చప్పుడు ఆగిపోయింది. తర్వాత రెండు మూడు క్షణాలు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత, ఎక్కడో చాలా కింద, టప్పుమంది.

నా ముందు రెండడుగుల్లో బావి. గట్టు లేదు, చుట్టూ గోడ లేదు. నేలలోకి నలుచదరంగా తొవ్విన బావి, అంచుదాకా తుమ్మ కమ్ముకుని ఉంది. వెనక్కి ఎలా వచ్చానో గుర్తులేదు. కాసేపటికి, ఆ బావి ఎంత ఉందో పైనుంచి చూడాలనిపించి ట్యాంకు నిచ్చెన ఎక్కి ఫోటోలు తీశాను.

ఇప్పుడు ఆ కిటికీలోంచి కిందికి చూస్తే తుమ్మ లేదు, షెడ్డు లేదు. వెనక కాంపౌండు గోడ మాత్రం కొంత మిగిలింది. నిలువుగా పాతిన రాతి బండల గోడ. కిటికీకి సూటిగా ఉన్న బండ సగానికి విరిగి ఉంది.

ఇంటికి వచ్చి పాత హార్డ్ డిస్క్ వెతికి ఫోటోలు తీశాను. ట్యాంకు మీది నుంచి తీసిన ఫోటోలో బావి నల్లగా కనిపిస్తోంది. దాని వెనక బండల గోడ. మూల నుంచి లెక్కబెట్టాను. పదకొండో బండ సగానికి విరిగి ఉంది. బావి సరిగ్గా దాని ముందు, గోడకు ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంది. కాగితం మీద గీసి చూశాను. ఆ కిటికీ కిందే ఉన్న మేస్త్రీ వాళ్ల వంటగది, దాని పక్కన ముసలమ్మ పడుకునే గది, ఈ రెండూ బావి మీదే ఉన్నాయి.

మా ఆయనకు చూపించాను.

"పూడ్చి ఉంటారు కదా," అన్నాడు.

"పూడ్చే ఉంటారు. దేంతో పూడ్చినారో? షెడ్డు పడగొట్టిన రేకులు, చెత్త, పైన రోంత మట్టి. ఇన్నేండ్లు సరైన వాన లేదు కాబట్టి నిలబడింది."

"మనం ఆ ఇల్లు వద్దని చెప్పేద్దాం. వేరేది చూసుకుందాం."

"వాళ్లకు చెప్పొద్దా?"

"ఏమని చెప్తావు? పరాయి స్థలంలోకి దొంగగా పోయి చూసినానని చెప్తావా? ఆయన జీవితమంతా కష్టపడి కట్టుకున్న ఇల్లది. నీ మాట అబద్ధమైతే మనల్ని తిట్టి పంపిస్తాడు. నిజమైతే ఆ ఇల్లు ఇంక ఎవరికీ పనికి రాదు. గమ్మునుండు."

మూడు రోజులు గమ్మునున్నాను. నాలుగో రోజు వాన మొదలైంది. మా వైపు వాన అంటే ఒక గంట కొట్టి వెళ్లిపోతుంది. ఇది తుఫాను ముసురు. పొద్దున పట్టింది మధ్యాహ్నానికీ ఆగలేదు, మర్నాడూ ఆగలేదు. ఊరంతా సంతోషంగా ఉంది. కాలేజీలో స్టాఫ్ రూములో అందరూ చెరువుల గురించి మాట్లాడుకుంటున్నారు. బోర్డు మీద లెక్క సగం రాసి ఆగిపోయాను. పిల్లలు నా ముఖం చూస్తున్నారు. ప్రిన్సిపాల్‌కు ఒంట్లో బాగా లేదని చెప్పి ఆటో ఎక్కాను.

వాన వల్ల మేస్త్రీ ఆ రోజు పనికి పోలేదు. నన్ను చూసి, పాలు పొంగించేది ముందుకు జరుపుకుంటామేమో అనుకున్నాడు. నేను తడిసిన చేతులతోనే ఫోన్ తీసి ఫోటో చూపించాను. మిల్లు, బావి, విరిగిన బండ, అన్నీ చెప్పాను. నేను ఎలా లోపలికి వెళ్లానో కూడా చెప్పాను.

ఆయన ఫోటో వంక చూడకుండా నా వంకే చూశాడు.

"ఏమంటాండావమ్మా? మిల్లు ఉన్నెట్ల నాకూ తెలుసు. బావి ఉన్నెట్ల ఎవురూ చెప్పలే. లేఅవుట్ అమ్మినోళ్లు చెప్పలే, పక్కనోళ్లు చెప్పలే. నువ్వొచ్చి చెప్తాండావు. ఇల్లు వద్దంటే వద్దని చెప్పు. ఇట్లాంటి మాటలు ఎందుకు?"

"అన్నా, నాకు ఇల్లు కావాలనే ఉండె. మీకు ఏమన్నా అయితే..."

"ముప్పై ఏండ్ల నుంచి ఇండ్లు కడతాండా. నా ఇంటి పునాది నేను తవ్వినా."

అంతవరకూ గట్టిగా అన్నాడు. తర్వాత నెమ్మదించాడు. "ముందరపక్క గరుసు తగిలింది. గడ్డపార దిగలే. వెనకపక్క మెత్తగా వచ్చింది. మూడు దినాల పని ఒగ దినంలో అయిపాయె. మా అదృష్టం అనుకుంటిమి."

ఆయన భార్య వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఈ తలుపు చూడు," అంది భర్తతో. "నిన్నటి నుంచి మళ్లీ పట్టేస్తాండాది. పోయిన వానకే గదా చెక్కినావు. తలుపు ఉబ్బిందనుకుంటిమి."

మేస్త్రీ లేచి తలుపు మూసి చూశాడు. కింద సందు లేదు. పైన మాత్రం వేలు పట్టేంత సందు ఉంది. వెళ్లి గడ్డపార తెచ్చాడు. వంటగది మూల ఒక కడప బండ లేపాడు. కింద ఇసుక. ఆయన గడ్డపారను నిలువుగా పెట్టి ఒక్క పోటు పొడిచాడు. అది మోచేయి లోతు దిగింది. ఇంకోసారి నొక్కాడు. ఈసారి బలం పెట్టనక్కర్లేకుండానే జారిపోయింది, పై కొస దగ్గర పిడికిట పట్టి ఆపాడు. చేయి వదిలితే పోయేటట్టుంది.

గడ్డపార మెల్లగా బయటికి లాగి, భార్యకు చెప్పాడు. "అమ్మను బయటికి తీసుకురా. బిరీన."

ముసలమ్మ పక్క గదిలో మంచం మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. రానంది.

"వానలో యాడికి పోవాల? ఈడ ఏమైంది?"

"అమ్మా, ముందర గదిలోకి రా. తర్వాత చెప్తా."

"ఎవురో వచ్చి ఏదో చెప్తే కొడుకు ఇల్లు ఇడిసి పోవాల్నా?"

కొడుకు ఇంక బతిమాలలేదు. నన్ను చూసి, "ఆ పక్క పట్టుకోమ్మా," అన్నాడు. మంచం మీద ఆమెను అలాగే ఎత్తాం. నాకు కాళ్ల కింద నేల మీద నమ్మకం లేదు. ఒక్కొక్క బండ మీద అడుగు వేసేటప్పుడు అది కదులుతుందేమోనని ముందు కాలివేళ్లతో నొక్కి చూశాను. పదడుగుల దూరం అది. ముందరి గదిలో మంచం దించాం.

ఆ సాయంత్రమే వాళ్లు ఊళ్లో చుట్టాలింటికి వెళ్లారు. మేస్త్రీ మాత్రం రోజూ వచ్చి ఇంటి ముందు కూర్చునేవాడు.

ఏమీ జరగలేదు. మర్నాడు కూడా ఏమీ జరగలేదు. మూడో రోజు వాన నిలిచి ఎండ కాసింది. వీధివాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. నేను కాలేజీ అయ్యాక వెళ్తే మేస్త్రీ నా వైపు తిరగలేదు.

"చుట్టాలింట్లో ఎన్ని దినాలుంటామమ్మా?" అన్నాడు. "మా అమ్మ అన్నం తినడంల్యా. రేపు ఇంటికొచ్చేస్తాం. బండ కింద రోంత కంకర పోసి కూరతా."

"ఇంకో నాలుగు దినాలు చూడన్నా."

"ఏమమ్మా, ఇల్లు పడితే బాగుండుననుకుంటాండావా నువ్వు?"

ఇంటికి నడిచి వస్తూ నన్ను నేనే ప్రశ్నించుకున్నాను, నా మాట నిజమవ్వాలని కోరుకుంటున్నానా అని. కొంచెం కోరుకుంటున్నానని తెలిసి సిగ్గేసింది. ఆ రోజు పొయ్యి మీద అన్నం మా ఆయనే పెట్టాడు.

మర్నాడు పదకొండింటికి క్లాసులో ఉండగా మేస్త్రీ ఫోన్ చేశాడు. వెనక ఎవరెవరో అరుస్తున్నారు.

"పోయిందమ్మా," అన్నాడు.

సామాను తిరిగి దించడానికి ఆటో ఇంటి ముందు ఆగిన రెండు నిమిషాలకు వంటగది నేల కుంగిందట. చప్పుడు పెద్దగా రాలేదని చెప్పాడు. ముందు బండలు ఒకదాని మీద ఒకటి వాలాయి, తర్వాత గ్యాసు గట్టు, తర్వాత వెనక గోడ. ముసలమ్మ గదిలో సగం. నేనూ మా ఆయనా వెళ్లేసరికి దుమ్ము ఇంకా లేస్తోంది. పైన మేము అద్దెకు తీసుకోబోయిన వాటా వంటగది కిటికీ గాల్లో వేలాడుతోంది. నేల కుంగేటప్పటికి ఇంట్లోకి ఎవరూ అడుగు పెట్టలేదట. ఆటోలోంచి దిగుతున్న ముసలమ్మను పట్టుకోవడానికి అందరూ బయటే ఆగారు.

తర్వాతి నెలలన్నీ గొడవలే. లేఅవుట్ వేసినవాళ్లు బావి లేదన్నారు. నా ఫోటోలు ప్రింటు తీసి మేస్త్రీ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒక ఆఫీసులో నన్ను, నువ్వు మిల్లు లోపలికి ఎవరి అనుమతితో వెళ్లావమ్మా అని అడిగారు. అనుమతి లేదని ఒప్పుకున్నాను. నన్ను ఏమీ చేయలేదు గానీ, ఫోటో కాగితం పక్కన పెట్టి ముందు నేను లోపలికి వెళ్లిన సంగతే రాసుకున్నారు. చివరికి పక్క ప్లాట్ల వాళ్లంతా కలిసి నిలబడ్డాక, లేఅవుట్ వాళ్లే బావిని అడుగుదాకా తవ్వించి రాళ్లతో పూడ్చారు. మేస్త్రీ తన ఇంటిని తనే మధ్యకు కోశాడు. ముందరి రెండు గదులు గరుసు మీద ఉన్నవి, నిలబడ్డాయి. వెనక స్థలం అలాగే వదిలేసి కొత్తిమీర వేశాడు.

మాకు ఇల్లు చూసిపెట్టింది ఆయనే. ఊరి నడుమ, ఇరుకు సందులో పాత ఇల్లు. చుట్టూ ఖాళీ భవనం ఒక్కటీ లేదు. నీళ్లు మూడు రోజులకు ఒకసారి వస్తాయి. ఆయన తాపీ తిరగేసి దాని పిడితో ఒక్కొక్క గోడా తట్టి, చెవి పెట్టి విని, "ఇందులో ఉండండి" అన్నాడు. నేను మారు మాట్లాడలేదు. ఆదివారాలు ఇప్పటికీ వెళ్తాను. బస్సెక్కి బెళుగుప్ప దాకా పోయిన రోజులున్నాయి.

అప్పుడప్పుడు వాళ్లింటికి వెళ్తాం. మేస్త్రీ భార్య టీ ఇస్తుంది. ముసలమ్మ ముందరి గదిలో అదే మంచం మీద ఉంటుంది. నేను వచ్చానని తెలిసినా తల తిప్పదు. ఒకసారి నేను వింటుండగానే కోడలితో అంది, "ఈ పాప వచ్చి ఆ మాట అనకపోయుంటే ఆ ఇల్లు పడేదే కాదు" అని.

కోడలు నా వైపు చూసి ఏదో చెప్పబోయింది. వద్దని సైగ చేసి, నేను టీ తాగాను.