జానెడు లోతున దుంప

గడియారాలు బాగుచేసే మేస్త్రీకి ఓపిక ఎక్కువని వీధిలో పేరు. వెంట్రుకంత స్ప్రింగు కోసం పూటంతా వంగి కూర్చునే ఆ మనిషి, బావ ఇచ్చిన గింజలు మొలిచేదాకా మాత్రం ఆగలేకపోయాడు.

బావంటే అక్క మొగుడు, బడిలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. ఏటా కొండెక్కి, రాళ్ల సందుల్లో మిగిలిన ఊదారంగు పూల ఐరిస్ మొక్కల్ని వేలితో లెక్కపెట్టుకొస్తాడు. మూడేళ్ల కిందట పదకొండున్నాయి. వాటి గింజలే చిటికెడు మేస్త్రీకిచ్చాడు. కుండీలో మట్టి మట్టిలాగే ఉండిపోయింది. "ఏరా, మొలిచాయా?" అని బావ అడిగినప్పుడల్లా తల కొట్టేసినట్టయ్యేది. ఓ ఆదివారం ఒక్కడే కొండెక్కి, ఒక మొక్కను దుంపతో సహా పెకలించుకొచ్చాడు. ఆకులు కత్తిరించి, పెరట్లో జానెడు లోతున పూడ్చాడు. పచ్చటి మొన పైకి రాగానే "మొలిచింది బావా" అన్నాడు.

ఆ ఏడు లెక్క పదికి దిగింది.

"ఏ దరిద్రుడో వేరుతో పీక్కుపోయాడు" అంటూ బావ అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"వాడి చేతులు పడిపోను" అంది అక్క.

"అవునక్కా" అన్నాడు మేస్త్రీ, తన చేతులు బల్ల కిందికి దించుకుని.

అది మొదలు బావ కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు: "నా వల్ల కాలేదయ్యా, మా బావమరిది గింజ నుంచి మొలిపించాడు!" ఆ మాట వినపడితే మేస్త్రీ షాపులో కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవాడు.

మొక్క మాత్రం పూయలేదు. ఈ ఏడు బావే వచ్చి పెరట్లో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"దుంపకి ఎండ తగలాలిరా. దొంగసొమ్ములా ఇంత లోతున దాచావేం? మట్టి తీసేద్దాం. పూసి గింజ కడితే మళ్లీ కొండ మీద చల్లొచ్చు."

ఆ దుంప ఏడాదికో కణుపు వేస్తుంది. బయటపడితే దాని వయసు బావ ఇట్టే చెప్పేస్తాడు.

"వద్దు బావా."

"ఏం, దానికి చలేస్తుందా?"

బావ చెయ్యి చాపాడు. మేస్త్రీ ఆ చేతిని పట్టుకుని ఆపి, తనే వేళ్లతో మట్టి తియ్యడం మొదలుపెట్టాడు. కణుపు వెనక కణుపు తేలింది. బావ వేలు అలవాటుగా లెక్కపెట్టుకుంటూ పోయింది. మూడు దగ్గర ఆగాల్సిన వేలు తొమ్మిదిదాకా వెళ్లింది.

"కొండ మీది పదకొండోది" అన్నాడు మేస్త్రీ, తలెత్తకుండా.

బావ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. వసారాలోంచి అక్క కేకేసింది: "ఏమైందర్రా? పూస్తుందా?"

"పూస్తుంది" అన్నాడు బావ. మేస్త్రీ వైపు తిరిగి, "మిగతాది నువ్వే చెప్పు మీ అక్కకి" అన్నాడు.

మేస్త్రీ మట్టి చేతులు కడుక్కోకుండానే వసారా వైపు నడిచాడు.