దుప్పటి మేస్త్రీ, రెండు ఖరీదైన కార్లు

మా అక్క భర్తను పేటలో అందరూ దుప్పటి మేస్త్రీ అంటారు. కార్లు బాగుచేసే మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. ఎవరైనా పాత కారు కొనేముందు బావకు చూపిస్తే, ఆయన దాన్ని నాలుగు వీధులు తిప్పి, బాగా వేడెక్కించి, షెడ్డులో నిలబెట్టి, కింద ఉతికిన తెల్ల దుప్పటి పరుస్తాడు. మర్నాటిదాకా ఇక ముట్టుకోడు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, దుప్పటి బయటికి లాగి వెలుతురులో చూస్తాడు. మరక రంగేమిటి, ఎక్కడ పడింది, ఎంత మేర పాకింది, ఇవి చూసి కారు రోగం చెబుతాడు. దుప్పట్లు మా అక్క ఇస్తుంది. ఉతికేదీ ఆవిడే. ఉతుకుతున్నంతసేపూ తిట్టేదీ ఆవిడే.

ఆ షెడ్డు బావది కాదు. పాత కార్లు అమ్మే పెద్దమనిషిది. ఆయన షోరూము వెనకే ఉండేది. ఆయన ఇంకా గేటు దగ్గర ఉండగానే సెంటు వాసన మాకు వచ్చేది కాబట్టి, మాలో మేము ఆయన్ని సెంటాయన అనుకునేవాళ్ళం. బావ మాట మీద జనానికి నమ్మకం, జనం నమ్మకం వల్ల ఆయనకు అమ్మకాలు. అందుకే పద్నాలుగేళ్ళుగా మమ్మల్ని అక్కడ ఉండనిచ్చాడు. ఒక మూల నా కుట్టు మిషను. నేను కారు సీట్లకు కవర్లు కుడతాను.

ఎవరినీ చిన్నచూపు చూడని మనసివ్వమని నేను రోజూ దేవుణ్ణి అడుగుతాను. ఆ రెండు కార్లు వచ్చిన వారం మాత్రం నా ప్రార్థన ఏమీ పనిచేయలేదు.

ఒకటి నల్లది, అమెరికా కారు. దాని ముందు భాగం ఎంత పొడుగంటే, డ్రైవరు ఈ వీధిలో ఉండగానే ముక్కు పక్క వీధిలోకి తొంగిచూస్తుంది. ఎనిమిది సిలిండర్ల ఇంజను. తాళం తిప్పితే ఎదురింటి కిటికీలు గజగజలాడతాయి. లోపల చూస్తే పిల్లల బొమ్మలకు వాడే ప్లాస్టిక్కు, తోలులా కనబడాలని నానా తంటాలు పడే రెగ్జిను. రెండోది ఎర్రది, యూరప్ స్పోర్ట్స్ కారు. ధర నల్లదానికి మూడింతలు. ఇంజను వెనక ఉంటుంది. ఇద్దరికే చోటు, ఆ ఇద్దరూ అన్నం తినకముందే ఎక్కాలి. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, దారిలో అరటితొక్క కనిపించినా ఆగి ఆలోచించుకోవాలి. కానీ సీట్ల కుట్టు చూసి నా చెయ్యి దానంతటదే దణ్ణానికి లేచింది. అబద్ధం చెప్పను.

బావ రెండింటినీ తిప్పుతుంటే నేనూ ఎక్కాను.

"ఎలా ఉంది బావా నల్లది?"

"అరుపెక్కువ, మలుపు తక్కువ. తిన్నగా పొమ్మంటే తూటాలా పోతుంది. వంపు వస్తే ముందు మూతి తిరుగుతుంది. తోక కాసేపు ఆలోచించుకుని తిరుగుతుంది."

"మరి ఎర్రది?"

"వంపుల కోసమే పుట్టిందిరా. బ్రేకు మీద కాలు పెట్టేలోపే దానికి విషయం అర్థమైపోతుంది. గొప్ప పనితనం. కానీ ఒక్క బల్బు మార్చాలంటే సగం బండి విప్పాలి. మహారాణీగారి కాల్లో ముల్లు తియ్యాలంటే ముందు కిరీటం దించాలన్నట్టు."

"నీకు ఊరికే ఇస్తానంటే ఏది తీసుకుంటావు?"

"రెంటికీ ఓ నమస్కారం. మీ అక్క నల్లదాన్ని చూస్తే చెవులు మూసుకుంటుంది. ఎర్రదాంట్లోంచి ఆవిణ్ణి దింపాలంటే మనిద్దరం చాలం."

"ఈ మాట అక్కతో చెప్పనా?"

"చెప్పి చూడు. రేపణ్నుంచి ఇద్దరికీ అన్నం ఉండదు."

కొనబోయేది పళ్ళ డాక్టరు. ఆయన క్లినిక్ మెయిన్ రోడ్డు మీదే. రెండింట్లో ఒకటి తీసుకుంటానని, మేస్త్రీ దుప్పటి చూశాకే తేలుస్తానని ఫోన్లో చెప్పాడట. ఆ సాయంత్రం సెంటాయన షెడ్డుకు వచ్చాడు. మా ఆయిలు కంపు ఆయన సెంటుకు అంటుకుంటుందేమోనని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వెనకాలే మెడకు టై కట్టిన ఆయన మేనేజరు.

"మేస్త్రీ, రేపు డాక్టరుగారు వస్తారు. దుప్పట్లు రెండూ లాగి ఆయన ముందు పెట్టు. అంతే. నోరు విప్పకు."

"అడిగితే సార్?"

"అడిగితే దుప్పటి చూపించు. నీ పేరే అది కదా! ఎర్రది పోవాలి నాకు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడావంటే రేపు సాయంత్రానికి షెడ్డు ఖాళీ చెయ్యి. నువ్వూ, నీ బావమరిదీ, ఆ మిషనూ."

బావ రెండు కార్ల కిందా దుప్పట్లు పరిచాడు. షెడ్డు తాళాల్లో ఒకటి మేనేజరు దగ్గర ఉంటుందని నాకు తెలుసు. అంత నీచానికి దిగుతారని మాత్రం తెలియదు.

పొద్దున డాక్టరు వచ్చాడు. ఇస్త్రీ నలగకుండా నడవడం ఎలాగో ఎక్కడో నేర్చుకున్నట్టున్నాడు. బావ ముందు ఎర్రకారు కింది దుప్పటి లాగాడు. చుక్క మరక లేదు. తర్వాత నల్లదాని కిందది లాగాడు. దుప్పటి చివర పళ్ళెమంత మరక.

"చూశారుగా!" అన్నాడు సెంటాయన. "దుప్పటి అబద్ధమాడదు."

"అమెరికా వాళ్ళ పనే అంత," అన్నాడు డాక్టరు పెదవి విరిచి. "మొరటు. యూరప్ వాళ్ళకు కారంటే కళ." ఆ ముక్క ఆయన ఎక్కడో వినే ఉంటాడు. నిన్నటిదాకా ఏ కారుకూ బానెట్ ఎత్తి చూసిన చేతులు కావవి.

బావ ఆ మరక మీదికి వంగి వాసన చూశాడు. అప్పుడే అక్క అన్నం క్యారేజీతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నిన్నటి బెదిరింపు సంగతి ఆవిడకు తెలుసు. బావ ఒకసారి ఆవిడ వంక చూశాడు.

"మేస్త్రీ," అన్నాడు డాక్టరు, "రోజూ మా అమ్మాయిని కాలేజీలో దీంట్లోనే దింపుతాను. ఎర్రదానికి ఢోకా లేదుగా?"

సెంటాయన దగ్గాడు. బావ దుప్పటి మడిచి పక్కన పెట్టాడు.

"జాకీ ఎక్కించనివ్వండి సార్."

"మేస్త్రీ!" అన్నాడు సెంటాయన.

"వినబడింది సార్. సాయంత్రానికి ఖాళీ చేస్తాను." డాక్టరు వైపు తిరిగాడు. "ముందు ఈ మరక సంగతి. చూడండి, తేనె రంగులో ఉంది. ఇంజనులో నాలుగు నెలలు తిరిగిన ఆయిలు ఇలా ఉండదు, నల్లబడుతుంది. ఇది డబ్బాలోంచి సూటిగా వచ్చింది. పైగా ఇది డిక్కీ కింద పడింది. ఈ బండికి ఇంజను ముందుంటుంది సార్."

డాక్టరు నల్లకారు ముందుకు వెళ్ళి చూశాడు. వెనక్కి వచ్చి మళ్ళీ చూశాడు.

"వెనక చక్రాల మధ్య గేరు డబ్బా ఉంటుందిగా!" అన్నాడు మేనేజరు.

"ఉంటుంది బాబూ. దాని ఆయిలు ముక్కు బద్దలయ్యేంత కంపు కొడుతుంది. ఇది కొట్టడం లేదు. అదీగాక ఈ మరక దానికి రెండడుగులు వెనక పడింది. ఎర్రదానికి ఇంజను వెనక ఉందని దీనికీ వెనకే ఉంటుందనుకున్నావు. రోజూ అమ్ముతావు కదా, ఒక్కసారి మూత ఎత్తి చూడకపోయావా?"

మేనేజరు టై వదులు చేసుకున్నాడు. చొక్కా చేతి అంచుకు అదే తేనె రంగు జిడ్డు.

"నా దుప్పటి మీద పోసింది నువ్వేనా నాయనా?" అంది అక్క. "ఉతకడానికి ఎప్పుడొస్తావు?" ఆ మాట అంటూనే ఆవిడ కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి అతని చేతికిచ్చింది. అతను పెదాలు తడుపుకోవడం ఆవిడకు కనబడింది. నాకు కనబడినా నేను ఇచ్చేవాణ్ణి కాదు.

బావ ఎర్రకారును జాకీ మీద ఎత్తి కింద దూరాడు. గాలి సాఫీగా జారిపోవడానికి ఆ కారు పొట్ట కింద మొత్తం ఒక ప్లాస్టిక్ రేకు బిగించి ఉంటుంది. ఇరవై స్క్రూలు విప్పి దాన్ని పళ్ళెంలా కిందికి దించాడు. అందులో నల్లటి ఆయిలు, రెండు గ్లాసులకు తక్కువ ఉండదు.

"దుప్పటి మీద ఎందుకు పడలేదో చూశారా? అంతా ఇందులో దాక్కుంది. దీనికి జానెడు పైన పొగ గొట్టం. బండి నడిస్తే అది నిప్పులా కాలుతుంది. కింద ఇంత నూనె పెట్టుకుని అమ్మాయిని ఎక్కించకండి సార్."

"అయితే నల్లదే మంచిదంటావా?"

"అనను. ఎర్రది దానికంటే ఎంతో మంచి బండి. దాన్ని వాడినవాళ్ళూ, అమ్మేవాళ్ళూ దాని పాటి చెయ్యరు. నల్లది మొరటుదే, కానీ ఇవాళ దానికి ఏ జబ్బూ లేదు. ఇక మీ ఇష్టం."

డాక్టరు గడ్డం రాసుకున్నాడు. ఎర్రకారు చుట్టూ ఒకసారి తిరిగాడు. దాని అద్దంలో జుట్టు సర్దుకున్నాడు.

"ఎర్రదే తీసుకుంటాను. నల్లదాన్ని క్లినిక్ ముందు ఆపితే లారీ వచ్చిందనుకుంటారు. ఆ లీకేదో సరిచేసి ఇవ్వు మేస్త్రీ."

నిప్పంటుకుంటుందన్నా ఆ పెద్దమనిషికి పట్టలేదు. వీధిలో నలుగురూ చూడాలి, అంతే. సెంటాయన మొహం వెలిగిపోయింది. అయినా బావ దగ్గరికి వచ్చి అన్నాడు: "అమ్ముడుపోవడం వేరు. నా మాట కాదనడం వేరు. సాయంత్రానికి ఖాళీ."

ఆ మాట డాక్టరు విన్నాడు. ఎవరికి నిజం చెప్పినందుకు ఈ షెడ్డు పోతోందో ఆయనకు తెలుసు. తెలిసి ఫోను తీసి దాంట్లోకి చూడటం మొదలుపెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు చెయ్యాలి బావా? ఉన్నదున్నట్టే ఇచ్చెయ్. తగలబడనీ!"

"కూర్చునేది వాళ్ళ పిల్లరా. నోటికి ఎంత మాట వస్తే అంత మాట అనకు. వెళ్ళి మిషను విప్పుకో."

అక్క నా వీపు మీద ఒక్కటి వేసింది. అన్నం పెడుతూ మళ్ళీ అదే చోట నిమిరింది.

ఆయిలు పైపు జాయింటు దగ్గర రాగి వాషర్లు రెండూ అరిగిపోయాయి. బావ వాటిని మార్చి, రేకు కడిగి, పొగ గొట్టం తుడిచి, అరగంట ఇంజను నడిపి, బ్యాటరీ లైటుతో జాయింటు జాయింటూ వెతికాడు. ఎక్కడా తడి లేదు. అప్పుడు గానీ స్క్రూలు బిగించలేదు. ఆ షెడ్డులో ఆయన ఆఖరి పని అదే. తొందర పడితే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. ఆయన తొందర పడలేదు.

నాలుగింటికి డాక్టరు వచ్చాడు. అప్పటికి బండి చల్లారిపోయింది.

"సార్, పొద్దున్నే తీసేటప్పుడు ఆయిలు వేడెక్కేదాకా మెల్లగా నడపండి. గట్టిగా తొక్కకండి," అన్నాడు బావ.

"ఆ, ఆ," అన్నాడు డాక్టరు. గేటు దాటకుండానే తొక్కాడు. కారు గావుకేక పెట్టి మలుపు తిరిగింది. రోడ్డు మీద వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆయన కొనుక్కున్నది ఆ చూపులనే.

ఐదింటికి బస్సు స్టాండు వెనక పంక్చర్లు వేసే ఆవిడ తన ట్రాలీ ఆటో తెచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు.

"అన్నా, నా రేకుల కింద సగం జాగా ఖాళీయే," అంది. "వాన పడితే ఎడమ పక్క కారుతుంది, ముందే చెబుతున్నా. తర్వాత నన్ను తిట్టొద్దు."

"కారేవాటినే కదమ్మా నేను చూసుకునేది," అన్నాడు బావ. ఆ రోజంతటిలో అప్పుడే నవ్వాడు.

నేను జాకీలు ఎత్తబోతుంటే ఆపాడు. "ముందు నీ మిషను ఎక్కించరా. మధ్యలో పెట్టు, కుదుపులకు సూది విరుగుతుంది." తన పానాల పెట్టెలు చివర, సగం బయటికి వేలాడుతూ, తాడుతో కట్టాడు. అక్క ఊడ్చింది. తాళం మేనేజరు చేతికి ఇచ్చాడు. అతను తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి కూరగాయల వ్యాను ఒకటి దగ్గుకుంటూ వచ్చి ఆ రేకుల ముందు ఆగింది. బావ దణ్ణం పెట్టుకుని దాని కిందికి దూరాడు.