పగులు మీద పూత

ఆ వీధిలో ఆమెను అందరూ చక్రాలక్క అనేవారు. పదకొండేళ్లు కార్ల చక్రాలు చేసే ఫ్యాక్టరీలో పాలిష్ పనిచేసింది. అది మూతపడ్డాక పెరట్లో రేకుల కింద అదే పని మొదలుపెట్టింది. రోడ్డు అంచులకు ఒరుసుకుని గీతలు పడ్డ అల్లాయ్ చక్రాలు తెచ్చిస్తే, నీళ్లు చిలకరిస్తూ ముందు గరుకు కాగితంతో, తర్వాత నున్నటి కాగితంతో రుద్ది, గుడ్డ బిళ్ల తగిలించిన డ్రిల్లుతో మెరుపు తెప్పించేది. వేలిముద్రలు అరిగిపోయి ఫోను తెరుచుకునేది కాదు. "నేనెవరో నా ఫోనుకే తెలీదు, మీరెవరో నాకేం గుర్తుంటుంది? పేరు రాసిచ్చి పొండి" అని వచ్చినవాళ్లను నవ్వించేది.

ఒకరోజు తమ్ముడు తన కారు చక్రాలు నాలుగూ విప్పించి తెచ్చాడు. తల్లి పోయాక ఆమె చేతుల్లో పెరిగినవాడు. కారు అమ్మేస్తున్నాడట. చూడ్డానికి ఆదివారం మనుషులొస్తున్నారట.

మూడు చక్రాలు చక్కగా తేలాయి. నాలుగోదాని లోపలి అంచు తుడుస్తుంటే ఆమెకెందుకో అనుమానం వచ్చింది. కిరోసిన్ రాసి, తుడిచేసి, సుద్దపొడి చల్లింది. కాసేపటికి తెల్లటి పొడిమీద వెంట్రుకంత తడిగీత పైకి వచ్చింది. పగులు.

"ఇది పనికిరాదురా. వేరేది వేయించు."

"లోపలివైపేగా అక్కా, ఎవడు చూస్తాడు? నల్లరంగు కొట్టెయ్."

"దారిలో విరిగితే?"

"ఆర్నెల్లుగా తిరుగుతున్నా. నాకేమైంది?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తమ్ముడు చక్రం ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. "సరే, ఇంకెవరైనా చేస్తారులే. ఈమాత్రం చెయ్యలేనిదానివి, అమ్మలా పెంచానని ఇంకెక్కడా చెప్పుకోకు."

ఆ మాటకు ఆమె చెయ్యి చాచి చక్రం వెనక్కి తీసుకుంది. రంగు పూసింది. పూశాక పగులెక్కడుందో ఆమెకే కనిపించలేదు.

కారును ఊరి ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు కొంది. కారు పక్కన ఇద్దరు పిల్లలతో ఆమె నిలబడ్డ ఫోటోను తమ్ముడు సంతోషంగా పంపించాడు. అది చూసినప్పటి నుంచి అక్కకు ముద్ద దిగలేదు. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు ఆసుపత్రికి వెళ్లి నర్సును బయటికి పిలిచి ఉన్నది చెప్పేసింది.

"రంగు వేసిందెవరు?" అంది నర్సు.

"నేనేనమ్మా."

"తెలిసేనా?"

"తెలిసే."

"నాలుగు రోజులుగా పిల్లల్ని బడికి అందులోనే తీసుకెళ్తున్నాను. మీరు ఇంట్లో కూర్చుని ఆలోచిస్తున్నారా?"



నర్సు సాయంత్రానికల్లా కారు తిప్పి పంపేసింది. చక్రాలక్క పగుళ్లు కప్పెట్టి ఇస్తుందని తెలిసినవాళ్లందరికీ చెప్పింది. అక్క తన మీద కుళ్లుతో బేరం చెడగొట్టిందని తమ్ముడు చెప్పుకున్నాడు. రెండు మాటలూ వీధంతా తిరిగాయి. పెరట్లోకి చక్రాలు రావడం ఆగిపోయింది.

తమ్ముడు ఆ ఒక్క చక్రం మార్పించి, నెల తిరక్కుండా కారు ఇంకొకరికి అమ్మేశాడు. అతనికి పోయిందేమీ లేదు. మరదలు మాత్రం ఒకసారి ఫోన్ చేసింది. "మీ తమ్ముడు మీ పేరెత్తొద్దన్నారు వదినా. నేను చేసినట్టు కూడా చెప్పకండి."

ఇప్పుడు చక్రాలక్క ఒక క్యాంటీన్‌లో గిన్నెలు తోముతోంది. రంగు పూసినందుకు పడ్డ శిక్ష అనుకున్న రోజు ఓర్చుకోగలుగుతుంది. నిజం చెప్పినందుకు పడ్డదనిపించిన రోజు మాత్రం, చేతిలో గిన్నెను అవసరానికి మించి తోముతూనే ఉంటుంది. అలాంటి రోజులే ఎక్కువ.