పద్నాలుగు చెప్పులు

దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ సెంటర్ మెట్ల మీద పిల్లల చెప్పులు కనిపిస్తే ఇప్పటికీ లెక్కపెడతాను.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డాయి. పక్కింట్లో కిరాయికుండే గుంటూరు టీచరమ్మ మా గల్లీ పిల్లలం ఏడుగురినీ పిలిచి ఊరికే పాఠాలు చెప్పేది. ఒకరోజు పూర్వకాలపు వీరుడి కథ చదివించింది.

"శత్రువుల కోటలో ఉంటూ వాళ్ల పిల్లలకే కత్తిసాము ఎందుకు నేర్పాడంటావు?" అని నన్నడిగింది.

"గూఢచారి గావచ్చు టీచర్. దోస్తీ జేసి కోట తలుపు తీస్తడు."

"భయమున్నవాడూ నేర్పుతాడమ్మా" అంది.

నేను నమ్మలేదు. లోపల విడిచిన మా పద్నాలుగు చెప్పులనూ ఆమె రోజూ వీధి గుమ్మం బయట పేర్చేది. తనవాళ్లకెవరికో సైగ అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆంధ్రావాళ్ల ఇళ్లు వెతుకుతూ రాళ్లతో గుంపు వచ్చింది.

"ఆగుండ్రి! లోపల మన పోరగాండ్లున్నరు" అని గుమ్మం ముందు చెప్పులు చూసి ఎవరో అరిచారు. గుంపు మళ్లిపోయింది.

సైగేనన్న నా అనుమానం నిజమే. అది మావాళ్లకేనన్నది మాత్రం నా లెక్కలో లేదు.