ఈశాన్యానికి వంగిన బండి

ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చిన కొత్తలో ప్రతివాడికీ ఓ జబ్బు ఉంటుంది. లోకంలో చెడిపోయిన వస్తువులన్నీ తన రాక కోసమే కాచుక్కూర్చున్నాయని అనుకుంటాడు. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. కూర్మన్నపాలెం జంక్షన్ దాటాక ఉన్న ఓ కార్ల షెడ్డులో డయాగ్నొస్టిక్ ఇంజనీరుగా చేరాను. (అంటే మరేం లేదు, లాప్‌టాప్ తీగ కారుకి గుచ్చి, తెర మీద వచ్చింది చదివి, గంభీరంగా తల పంకించేవాడన్నమాట.) సబ్బవరంలో మా అమ్మ "మావోడు కార్లకి కంపూటర్తో వైద్యం సేత్తన్నాడు" అని కనబడ్డ వాళ్ళందరికీ చెప్పేసింది. ఆ వైద్యుడి ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదన్న సంగతి మాత్రం ఆవిడకి నేను చెప్పలేదు.

మా షెడ్డు యజమానికి మేం చాటుగా పెట్టుకున్న పేరు ఈశాన్యంగారు. ఆయనకి ఎనిమిది దిక్కులున్నా ఇష్టమైనది ఒక్కటే. అంతకుముందు వ్యాపారం దెబ్బతింటే ఎవరో సిద్ధాంతి వచ్చి చూసి, నేల వాటం, అంటే నీళ్ళు జారే వాలు, ఈశాన్యానికి ఉండాలన్నాడట. ఈయన ఆగుతాడా? షెడ్డు నేలంతా తవ్వించి, వాటం ఈశాన్యం మూలకి ధారాళంగా పెట్టించి కొత్త కాంక్రీటు పోయించాడు. బళ్ళన్నీ ఉత్తర ముఖంగానే నిలబెట్టాలని ఆజ్ఞ కూడా వేశాడు. ఆ షెడ్డులో ఏ నట్టు చేతిలోంచి జారిపోయినా నేరుగా ఈశాన్యం మూలలో దొరికేది. హెడ్ మెకానిక్కుని అందరూ బావ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన వెతక్కుండా తిన్నగా ఆ మూలకే వెళ్ళి నట్టు తీసుకొచ్చి, "సూసినావా, వాస్తు మహిమంటే ఇదే మరి" అనేవాడు. మేమూ కళ్ళకద్దుకునేవాళ్ళం. మాలో నాలుగేళ్ళు భౌతికశాస్త్రం వెలగబెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

అలాంటి షెడ్డుకి ఓ రోజు ఊళ్ళో ఓ కాంట్రాక్టరుగారి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి వచ్చింది. ఏనుగంత బండి. మామూలు స్ప్రింగులుండవు దానికి, ప్రతి చక్రం దగ్గరా ఓ గాలితిత్తి ఉంటుంది. బండి ఎంత ఎత్తులో ఉందో సెన్సార్లు చెబుతుంటే లోపలి కంప్యూటరు తిత్తుల్లోకి గాలి నింపుతూ, తీస్తూ ఉంటుంది. ఒక సెన్సారు బురదకి చచ్చిపోయింది. దాన్ని మార్చాం. మార్చాక బండికి మళ్ళీ "నిలబడడమంటే ఇదీ" అని నేర్పాలి. దాన్నే కాలిబ్రేషన్ అంటారు. చక్రం నుంచి పైనున్న రేకు అంచు దాకా టేపు పెట్టి కొలిచి, ఆ కొలతలు కంప్యూటరుకి చెప్పాలని పుస్తకంలో ఉంది. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా! పక్కన గోడ కడుతున్న మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, బండి నెత్తిన పెట్టి, అందులో బుడగ సరిగ్గా మధ్యకి వచ్చేదాకా గాలి సర్ది, అదే అసలైన నిలకడని కంప్యూటరుకి చెప్పేశాను. అంతకుముందు లాప్‌టాప్ ఓ ప్రశ్న అడిగింది: "వాహనం సమతలంపై ఉందా?" చదవకుండానే "అవును" నొక్కాను. అలాంటి ప్రశ్నలు చదివి నొక్కేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మర్నాడే కాంట్రాక్టరుగారు ఊడిపడ్డారు. "ఏటయ్యా ఇంజనీరూ, నాను కూకున్న ఎనకపక్కకే బండి కుంగిపోతన్నాది! జనం నా బరువనుకుంతన్నారు!" అన్నారు. (మనిషి భారీయే. కానీ ఆ మాట అనగలిగే ధైర్యం నాకెక్కడిది?) బండిని లోపల పెట్టి చూస్తే నిటారుగా ఉంది. రసమట్టంలో బుడగ నడిమధ్యన కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది. "ఇక్కడ బాగానే ఉన్నాది కదండీ" అన్నాడు బావ. రోడ్డెక్కితే మళ్ళీ ఎడమ వెనక మూల కుంగేది, షెడ్డులోకొస్తే బుద్ధిగా నిలబడేది. అత్తగారి ముందు కొత్తకోడలు కూడా అంత నటించదు. సెన్సారు మళ్ళీ మార్చాం, గాలితిత్తి మార్చాం, పైపులన్నిటికీ సబ్బు నీళ్ళు రాసి బుడగలొస్తాయేమోనని చూశాం. ఆఖరికి నా మీద నాకే అనుమానం వచ్చింది.

ఆదివారం కాంట్రాక్టరుగారు ఓ పార్టీలో చేరుతున్నారు. ఏ పార్టీయో ఆయనకీ పట్టింపు లేదు. కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా ఆ బండి పైకప్పులోంచి తల బయటపెట్టి చేతులూపుకుంటూ ఊరేగాలని ఏర్పాటు. "ఫ్లెక్సీలు కట్టీసినాం. ఫొటోల్లో నాను పడిపోతన్నట్టుంటే అప్పుడే పడిపోనాడంటారు" అని ఆయన బాధ. ఈశాన్యంగారు నన్ను పక్కకి పిలిచారు. "బండి తిన్నగా నిలబడితే నీ ఉద్యోగం నిలబడతాది. నేకపోతే సబ్బవరం బస్సెక్కీ" అన్నారు. మా అమ్మ కళ్ళముందు కనబడింది.

శనివారం ఉదయం ఈశాన్యంగారే ఓ నిర్ణయానికొచ్చారు. "దిష్టి తగిలింది" అన్నారు. పూర్ణా మార్కెట్ నుంచి నిమ్మకాయలు తెప్పించారు. గుండ్రటి కాయ ఒకటి దిగదుడిచి బండి ముందు నేలమీద పెట్టారు. అది ఓ క్షణం ఆగి, ఎవరో పిలిచినట్టు కదిలి, దొర్లుకుంటూ దొర్లుకుంటూ ఈశాన్యం మూలకి పోయింది. "సూసినారా! దేవుడు పిలుసుకున్నాడు!" అని ఆయన చేతులు జోడించారు. బావ లెంపలేసుకున్నాడు. నేను మాత్రం నోరు తెరిచి నిలబడిపోయాను. ఓరి నా తెలివి తెల్లారా! నేల ఏటవాలుగా ఉంటే, బండి నెత్తిని మట్టంగా ఉంచడానికి ఈశాన్యం వైపు కాలు సాగదీసి, ఎదురుమూల కాలు ముడిచి నిలబడమని నేర్పాను. అది నేర్పిన పాఠాన్ని తు.చ. తప్పకుండా రోడ్డు మీద కూడా అప్పజెబుతోంది.

కారణం దొరికింది, చెప్పడమెలా? మీ వాస్తు వల్లే బండి వంగిందంటే, సాయంత్రానికి నేను బస్సులో ఉంటాను. కక్కలేక మింగలేక కాసేపు తిరిగి, గొంతు సవరించుకున్నాను. "సార్, ఈ బండి బరువు జాతకం. తూకం ఉన్న చోట సంస్కారం చేస్తేగానీ స్థిరపడదు. పోర్టు రోడ్డులో లారీలు తూచే కాటా ఉంది కదా, అక్కడికి తీసుకెళ్తాను" అన్నాను. (అంత సమతలం మా చుట్టుపక్కల మరోటి లేదు.) ఈశాన్యంగారు కళ్ళు మూసుకుని ఆలోచించి, "రావుకాలం ముందరే ఎల్లిపో" అన్నారు. ఇనప ఖనిజం లారీల మధ్య, డ్రైవర్ల తిట్లు తింటూ, ఈసారి టేపుతో కొలిచి కాలిబ్రేషన్ చేశాను. లాప్‌టాప్ అడిగిన ప్రశ్న ఈసారి చదివి మరీ "అవును" నొక్కాను. బండి రోడ్డు మీద రాయిలా నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కానీ అప్పగింత షెడ్డులోనే జరగాలి కదా. కాంట్రాక్టరుగారు పూలదండతో సిద్ధంగా ఉన్నారు. బండి లోపలికొచ్చి ఆగీ ఆగగానే, నేల వాటం ప్రకారం, ముందు కుడి మూలకి వంగింది. ఈశాన్యంగారి ముఖం నల్లబడింది. నా నాలుక మీద ఏ దేవత కూర్చుందో తెలీదు. "చూశారా సార్, బయట నిటారుగా ఉన్న బండి మీ షెడ్డులోకి రాగానే ఈశాన్యానికి వంగి దణ్ణం పెడుతోంది!" అన్నాను.

ఈశాన్యంగారి కళ్ళు చెమర్చాయి. కాంట్రాక్టరుగారు "ఓలమ్మో, బండికున్న భక్తి మనకి నేదురా!" అని చెప్పులిడిచి దణ్ణం పెట్టారు. ఆదివారం ఊరేగింపు తిన్నగా సాగింది, నా ఉద్యోగం పర్మినెంటయింది. నాలుగేళ్ళ చదువు ఇవ్వలేని గౌరవం ఆ ఒక్క అబద్ధం ఇచ్చింది. అక్కణ్ణుంచి నా పేరు ముహూర్తం ఇంజనీరు. గేరుబాక్సు విప్పడానికి కూడా మంచి గడియ చెప్పమని నా దగ్గరికొచ్చేవారు.

ఈమధ్య సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. కారు పెట్టుకునే చోట కాంక్రీటు ఆరాక, ఎవరూ చూడకుండా వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి నేలమీద పెట్టాను. తిన్నగా ఈశాన్యం మూలకి పోయింది. వెనక నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది: "వాటం సరిపోనాదా బాబూ? అమ్మగారు సెప్పినట్టే పెట్టినాం."

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. లాప్‌టాప్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. నిమ్మకాయ తీసి జేబులో వేసుకుని, అలవాటైన జవాబే చెప్పాను.

"అవును."