ఉన్ని ప్యాడ్ మీద పిన్ని అనుమానం

నా చిన్నప్పుడు సికింద్రాబాదులో ఏ వీధికి వెళ్లినా పాత నేలలు తవ్వి టైల్స్ పరిచే చప్పుడే వినిపించేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో ఊరు మారిపోతున్న రోజులవి. మెట్టుగూడలో మేముండే పాత ఇంట్లో మాత్రం మేడమీద గదికి టేకుచెక్క నేల ఉండేది. రాతినేల మీద నాట్యం చేసీ చేసీ మోకాళ్లు పాడుచేసుకున్న మా పిన్ని, ఆ గదిలో పిల్లలకు నాట్యం నేర్పాలనుకుంది. గరుకుదేరిన చెక్కను గీకించింది. ఇక పైన రంగులేని వార్నిష్ వేయాలి. అది చెడితే మళ్లీ గీకడానికి చెక్కలో మందం లేదని వడ్రంగి ముందే హెచ్చరించాడు.

పెయింట్ల కొట్టుకు నన్నూ వెంట తీసుకెళ్లింది. తను మంచి కుంచె అడిగితే, కొట్టాయన పైఅరలోంచి, కర్రకు బిగించిన, వార్నిష్ పూసే ఉన్ని ప్యాడ్ తీసి దుమ్ము దులిపాడు.

"పెద్ద గదికి కుంచెతోని గీతలు పడ్తయమ్మా. గిది తీస్కపోన్రి" అన్నాడు.

పిన్ని నా వైపు వంగి, "ఎవరూ కొనక మూలపడిందేటో, మనకంటగట్టేస్తన్నాడు" అంది. అప్పట్నుంచీ ఆయన నవ్వితే ఒక అనుమానం, నవ్వకపోతే మరో అనుమానం నాకు. చివరికి పిన్ని ఆ ప్యాడ్‌తో పాటు కుంచె, స్పాంజి రోలర్ కూడా కొంది.

ఇంటికొచ్చాక వాటితో నేరుగా నేల మీద వార్నిష్ పూయలేదు. అటక మీది టేకుపలకను దించి, మూడు చోట్ల మూడింటితో వార్నిష్ పూసింది. మర్నాడు ఆరిన పలకను కిటికీ వెలుతురుకు వాల్చి చూశాం. రోలర్ పూసినచోట సన్నని బుడగలు. కుంచె పూసినచోట గీతలు. ప్యాడ్ పూసినచోట అద్దంలా ఉంది గానీ, అక్కడక్కడా ఉన్నిపోగులు అతుక్కున్నాయి. అనుకున్నట్టే అయిందని పిన్ని ఆ పలక పట్టుకుని కొట్టుకు బయల్దేరింది.

కొట్టాయన పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం తెచ్చుకోలేదు. కొత్త ఉన్ని రాలుతుందనీ, అంటుకునే టేపు ఒత్తి పోగులు లాగేశాక వాడాలనీ, ప్యాడ్ అందని గోడవారకు కుంచే కావాలనీ చెప్పాడు. అందరూ టైల్స్ వేయించుకుంటుంటే ఆ ప్యాడ్ అడిగేవాళ్లే లేరట. దుమ్ముకు కారణం అదే.

పిన్ని ఆ మాటా వెంటనే నమ్మలేదు. టేపుతో పోగులు లాగేసిన ప్యాడ్‌తో పలక రెండోవైపు మళ్లీ పూసి చూసుకున్నాకే నేల ముట్టింది. నేల నిగనిగలాడింది. ఒక్క పోగు లేదు, ఒక్క గీత లేదు.

క్లాసు మొదలయ్యే రోజున ఆయన్ని పిలిచింది. ఆయన చెప్పులు మెట్ల దగ్గరే విప్పి వచ్చి, వంగి నేలను అరచేత్తో నిమిరాడు. పిల్లల తల్లిదండ్రులందరి ముందూ పిన్ని, "మిమ్మల్ని అనుమానించానండి. మీరు చెప్పిందే నిజమైంది" అంది.

ఆయన కాస్త సిగ్గుపడి, "అనుమానం అందరికొస్తదమ్మా. మీరు పరీక్ష చేసిన్రు" అన్నాడు.

నాకిప్పటికీ మనుషుల మీద అనుమానం తొందరగానే వస్తుంది. దాన్ని దాచుకోను, ఊరంతా చాటను. ముందు నా చేత్తో పరీక్షించుకుంటాను. పొరపాటు నాదని తేలితే మాత్రం, నలుగురిలో ఆ మనిషి దగ్గరికే వెళ్లి చెబుతాను. ఈ రెండో పని నాకు ఇప్పటికీ కష్టమే.